ఎర్రగుంట్లలో రెండో పైపు

ఎర్రగుంట్లలో బీడీలు తాగేవాళ్లకు లెక్కలేదు. సిగరెట్లు తాగేవాళ్లున్నారు, చుట్టలు కాల్చేవాళ్లున్నారు, ప్రతి ఉగాదికీ మానేస్తున్నామని ఒట్టేసి సాయంత్రానికి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేవాళ్లున్నారు. పైపు తాగే మనిషి మాత్రం ఒక్కడే. ఆయన పేరు దావీదురాజు. గూడ్సు రైళ్లలో గార్డుగా చేసి రిటైరయ్యాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో గుంతకల్లులో డిక్రూజ్ అనే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఆయనకు ఆ అలవాటు నేర్పాడు. డిక్రూజ్ పైపు నోట్లో పెట్టుకుని నడిచి వస్తుంటే ప్లాట్‌ఫారం మీద జనం ఇంజను వస్తోందని పక్కకు జరిగేవాళ్లు. ఆ ఠీవి చూసి దావీదురాజు మనసు పారేసుకున్నాడు. డిక్రూజ్ రిటైరై వెళ్లిపోతూ తన పాత పైపొకటి కుర్రవాడి చేతిలో పెట్టి, "రాజూ, దీన్ని తొందరపెట్టొద్దు" అన్నాడు. దావీదురాజుకు అది బైబిల్లోని పది ఆజ్ఞల తర్వాత పదకొండోది అయి కూర్చుంది. అప్పటినుంచీ ఆయన దేన్నీ తొందరపెట్టలేదు. పెళ్లి కూడా ఆలస్యంగానే చేసుకున్నాడు.

మొదట్లో గుంతకల్లులో ఒక అంగడిలో డబ్బా పొగాకు దొరికేది. ఆ అంగడి మూతపడ్డాక దావీదురాజు నంద్యాల వైపునుంచి నాటు పొగాకు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. లవంగాలు మరగబెట్టిన నీళ్లు ఆకుల మీద చల్లి, నాపరాయి మీద ఆరబెట్టి, భార్య జెస్సీ బట్టలు కత్తిరించే కత్తెరతో సన్నగా తరిగేవాడు. ఆ కత్తెర కోసం ఆ ఇంట్లో జరిగిన యుద్ధాలు చెప్పుకుంటే ఒక పురాణమవుతుంది. ఆ పొగాకు ముట్టిస్తే పక్కింటి బర్రె తల అటు తిప్పుకునేది. "రాత్రంతా రైలు కొసన బ్రేకువ్యాన్లో ఒక్కణ్ణే కూచుంటాంటి. కన్ను మూతపడకుండా ఉండాలంటే పొగాకు గొంతులో గుచ్చుకోవాల. కారం ఊరిమిండి లేకుండా సంగటి తింటామా?" అనేవాడు ఆయన, ఎవరైనా అడిగితే.

అసలు బాధేమిటంటే, ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఊళ్లో పైపు తనకొక్కడికే ఉందన్న సంగతి ఆయనకు పొగాకు కంటే రుచిగా ఉండేది కానీ, దాని గురించి మాట్లాడుకోవడానికి మాత్రం మనిషి దొరకలేదు. స్టేషన్ రోడ్డులో హనుమంతమ్మ టీ అంగడి దగ్గర ఒకసారి ప్రయత్నించాడు. పైపు గిన్నెలో మసి ఎంత మందాన పేరుకుంటే పొగ చల్లగా వస్తుందో ఆమెకు వివరించబోయాడు.

"మసా? మా పొయ్యికాడ శానా ఉండాది. గోక్కోని పో గార్డయ్యా" అంది హనుమంతమ్మ.

అలా ఉండగా, మాఘమాసపు ఒక ఉదయాన దావీదురాజు ఆ అంగడి ముందు నాపబండ మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సిమెంటు లారీలు లేపిన దుమ్ములోంచి ఎక్కడిదో కమ్మటి వాసన వచ్చింది.

"ఎవురింట్లోనో ఓళిగలు చేస్తాండారు" అంది హనుమంతమ్మ ముక్కు ఎగబీల్చి.

"కాదక్కా, బేకరీ తెరిచినట్టుండారు" అన్నాడు ఒక లారీ డ్రైవరు.

ఓళిగలూ కావు, బేకరీ కాదు. దుమ్ములోంచి ఒక పెద్దమనిషి నడిచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కత్తిరించిన తెల్లగడ్డం, నోట్లో వంకర పైపు. దావీదురాజు చటుక్కున లేచి నిలబడ్డాడు. చేతిలో టీ సగం ఆయన ప్యాంటు మీదే ఒలికింది. ఆయనకు కాలిన సంగతి కూడా తెలియలేదు.

"మీరు... పైపా?" అన్నాడు.

"పైపే" అన్నాడు వచ్చినాయన, దావీదురాజు రెండో చేతిలోని పైపు వైపు కళ్లు పెద్దవి చేసి చూస్తూ.

"నేనూ పైపే!"

ఇద్దరూ కావలించుకున్నారు. తిరునాళ్లలో తప్పిపోయిన అన్నదమ్ములేమోనని లారీ డ్రైవర్లు అయ్యో పాపం అనుకున్నారు.

వచ్చినాయన పేరు సమీవుల్లా. వేంపల్లె మనిషి. కువైట్‌లో ఒక ముసలి సేట్ దగ్గర చాలా ఏళ్లు కారు డ్రైవరుగా చేసి వచ్చేశాడు. అల్లుడు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తుంటే, కూతురికి దగ్గరగా ఉందామని భార్య అబీదా బీతో ఎర్రగుంట్లలో కాపురం పెట్టాడు. "ఆ సేటు వెనక సీట్లో పైపు తాగుతాంటే, నేను ముందు సీట్లో వాసన తాగుతాంటి సార్. ఏసీ కారు, అద్దాలు మూసి. ఇంగ అలవాటు కాకుండా ఎట్లుంటాది? వచ్చేటప్పుడు ఆయనే పైపిచ్చి పంపినాడు" అని చెప్పాడు. అల్లుడి స్నేహితులు కువైట్ నుంచి వచ్చినప్పుడల్లా పొగాకు డబ్బాలు తెస్తారట.

వియ్యంకులు తాంబూలాలు మార్చుకున్నట్టు ఇద్దరూ పొగాకు సంచులు మార్చుకున్నారు. తప్పంతా అక్కడే జరిగింది.

సమీవుల్లా నాటు పొగాకు రెండు దమ్ములు లాగాడో లేదో, ముఖం మందార పువ్వులా ఎర్రబడింది. ఎక్కిళ్లు పట్టుకున్నాయి. "యా అల్లా! ఇది పొగాకా సార్, గుంటూరు మిరపకాయా?" అన్నాడు ఎక్కిళ్ల మధ్య. హనుమంతమ్మ నీళ్ల చెంబు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

దావీదురాజు ముఖం ఇంకో రకంగా మారింది. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన తోటి మనిషి ఇచ్చిన పొగాకు కాబట్టి ఉమ్మేయలేకపోయాడు. "ఏమప్పా, ఇది..." అని మాట కోసం వెతుక్కున్నాడు. "సేమ్యా పాయసం మాడబెట్టి ఊదొత్తి గుచ్చినట్టుండాదే!"

అక్కడినుంచి మొదలైంది. ఇద్దరూ ప్రతి ఉదయం అదే బండ మీద కలుసుకునేవాళ్లు, ప్రతి ఉదయం పోట్లాడుకునేవాళ్లు. దావీదురాజు అగ్గిపుల్లతోనే ముట్టించాలంటాడు, సమీవుల్లా లైటరంటాడు. దావీదురాజు పొరకపుల్లకు దూది చుట్టి పైపు శుభ్రం చేస్తాడు. సమీవుల్లా దగ్గర అందుకోసం ప్రత్యేకంగా బొచ్చుతీగలున్నాయి. "ఆ తీగతో తోమేది పైపునా, పండ్లనా?" అని ఈయన, "పొరకతో ఊడిసేది ఇల్లు గదా సార్?" అని ఆయన. దావీదురాజు పొగాకును బొటనవేలితో గట్టిగా దట్టిస్తాడు. సమీవుల్లా పిల్లి మీద చెయ్యి వేసినట్టు మెల్లగా తడతాడు. దావీదురాజుది ఎర్రగుంట్ల యార్డులో గూడ్సు లాగినట్టు నిదానపు దమ్ము, సమీవుల్లాది వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్. బీడీలు తాగే డ్రైవర్లు కూడా రెండు పక్షాలుగా చీలిపోయి పందాలు కాసేవాళ్లు. ఏం జరిగితే ఎవరు గెలిచినట్టో వాళ్లకే తెలియదు.

అబీదా బీ మాత్రం ఏ పక్షమూ కాదు. ఆమె తమలపాకుల్లో కాస్త పొగాకు కాడ వేసుకుని నమిలే మనిషి. ఒకసారి దావీదురాజు వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఇద్దరి పైపులూ చూసి పరదా వెనకనుంచి, "నమిలేదాన్ని తగలబెడ్తాండారు, ఇద్దురికీ బుద్ధి లేదు" అంది. ఆ ఒక్క విషయంలో ఇద్దరూ ఏకమై ఆమె మాట తప్పన్నారు.

దావీదురాజుకు అసలు దెబ్బ తన ఇంట్లోనే తగిలింది. ఒకరోజు సమీవుల్లా వాళ్లింటికొచ్చి వసారాలో కూర్చుని పైపు ముట్టించాడు. దావీదురాజు పైపు ముట్టిస్తే చాలు, జెస్సీ కుట్టుమిషను ముందునుంచి లేచి కిటికీ రెక్క దబాలున వేసేది. అది ఆ ఇంట్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్న చప్పుడు. ఆ రోజు దబాలుమనే చప్పుడు రాలేదు. కిర్రుమనే చప్పుడొచ్చింది. జెస్సీ కిటికీ రెండో రెక్క కూడా తెరిచింది. కాసేపటికి మిషను ఆపేసి, కుర్చీ తెచ్చుకుని వసారాలోనే కూర్చుంది.

"ఏం వాసనన్నా ఇది! చర్చిలో క్రిస్మస్ నాడు కేకు కోసినట్టుండాది" అంది సమీవుల్లాతో.

దావీదురాజు నోట్లో పైపు అలాగే ఉండిపోయింది. నిన్నకాక మొన్న వేంపల్లె నుంచి వచ్చిన మనిషి పొగకు కుర్చీ! తన పొగకు ఇన్నేళ్లూ కిటికీ రెక్క! ఆ రోజు అన్నం సరిగ్గా సహించలేదు. జెస్సీ కూర బాగాలేదా అని అడిగితే, "నీకు కేకులే బాగుంటాయిలే" అన్నాడు. ఆమెకు అర్థం కాక ఇంకో గంటె కూర వేసింది.

మర్నాడు జెస్సీ చర్చికి వెళ్లగానే ఆయన వంటింట్లో దూరాడు. క్రిస్మస్ కేకు కోసం ఆమె దాచుకునే వెనిలా ఎసెన్సు సీసా ఎక్కడుందో ఆయనకు తెలుసు. తన నాటు పొగాకును నాపరాయి మీద పరిచి, దాని మీద ఒక మూతెడు చల్లుదామని సీసా వంచాడు. చెయ్యి జారి సగం సీసా పడింది. ఎండలో ఆరుతుంటే వాసనకు చీమలు బారు కట్టి వచ్చాయి. పొగాకు దాకా వచ్చి ఆగాయి. మీసాలు ఆడించి ఏదో మాట్లాడుకున్నాయి. మళ్లీ అదే బారులో వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. దావీదురాజు అది చూసైనా ఆగి ఉండాల్సింది.

జెస్సీ వచ్చే వేళకు వసారాలో కాలు మీద కాలు వేసుకుని పైపు ముట్టించాడు. వీధి మలుపు దగ్గరినుంచే ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా! యాడో బేకరీ తగలబడ్తాండాది! పక్కన లారీ టైరు గూడా అంటుకున్నట్టుండాది! నువ్వేంది ఈడ కూచున్న్యావు?"

పక్కింటాయన అప్పటికే బిందె పట్టుకుని బయటికొచ్చాడు. దావీదురాజు మెల్లగా పైపు వెనక్కి దాచుకున్నాడు. వెనకనుంచి కూడా పొగ వస్తూనే ఉంది. జెస్సీ ముక్కుతో గాలి పీల్చి, పొగ చూసి, లోపలికెళ్లి సగం ఖాళీ అయిన సీసా పట్టుకొచ్చింది.

"ఇది యాడికి పాయ?"

"చీమలకు పోసినా."

ఆమెకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. గడప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "వాసన బాగుండాది అన్న్యా గానీ, ఆ వాసనతో కాపురం చేస్తా అంటినా? నీది నువ్వు తాగు, నా కిటికీ నేనేసుకుంటా" అంది. దావీదురాజుకు ఆ మాటతో సగం ఊరట కలిగింది. మిగతా సగం సమీవుల్లా మీద కసిగా మారింది.

ఆ కసి హనుమంతమ్మ అంగడి ముందు బయటపడింది. పాయసం తాగేవాళ్లకు పొగాకు రుచేం తెలుసని దావీదురాజు మొదలుపెట్టాడు. మిరపకాయలు తాగేవాళ్లకు నాలుకే ఉండదని సమీవుల్లా అందుకున్నాడు. హనుమంతమ్మ గరిటె ఠంగుమని గిన్నెకేసి కొట్టింది.

"మీ ఇద్దురూ అరిసీ అరిసీ నా టీ సల్లారిపోతాండాది! రుచి తెలుసు, రుచి తెలుసు అంటాండారే, కండ్లకు గుడ్డ కట్టుకోని చెప్పండి చూద్దాం!"

డ్రైవర్లు ఈలలు వేశారు. ఇన్నాళ్ల పందాలకు ఒక దారి దొరికింది. దావీదురాజు, "నాదేంది, నిద్రలో గూడా చెప్తా" అని ముందుకొచ్చాడు. హనుమంతమ్మ భుజం మీది తువ్వాలుతో ఆయన కళ్లకు గంతలు కట్టింది. రెండు పైపులూ ముట్టించి గట్టు మీద పెట్టారు.

మొదట సమీవుల్లా పైపు ఇచ్చారు. "పాయసం" అన్నాడు దావీదురాజు వెంటనే. తర్వాత తన పైపు ఇచ్చారు. "మన నాటు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. హనుమంతమ్మ మళ్లీ ఒకసారి ఇద్దామనుకునేంతలో ఒకాయన బన్ను అడిగాడు. ఆమె బన్ను ఇచ్చి, ఇంకొకరికి టీ వడగట్టి, చేతులు తుడుచుకుని దావీదురాజు పైపే తీసి ఆయన నోటికి అందించింది. ఈలోగా ఆ పైపు చల్లగా ఆరిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలియదు.

దావీదురాజు ఒక దమ్ము లాగాడు. ముఖం వికసించింది.

"ఆహా! ఇదీ! ఇదీ నాది!" అన్నాడు. "ఇప్పుడే గాదు, ఇంగో దమ్ము లాగితే సూడండి, లవంగం ఎట్ల పైకి తేల్తాదో. ఆ కువైట్ సరుక్కు వస్తాదా ఈ ఘాటు? గొంతులో దిగుతాంటే దువ్వెనతో దువ్వినట్టుండాది!"

జనం నిశ్శబ్దమైపోయారు. తన మాటలకు అందరూ ముగ్ధులయ్యారనుకున్నాడు దావీదురాజు. ఇంకాస్త ఉత్సాహం వచ్చింది. తల వెనక్కి వాల్చి, పెదాలు సున్నాలా చుట్టి, ఆకాశంలోకి మెల్లగా ఊదాడు. "ఆ రింగు సూడు సమీ భాయ్! డిక్రూజ్ దొర నేర్పిన రింగు!"

సమీవుల్లా నిజంగానే రింగు కోసం పైకి చూశాడు. డ్రైవర్లూ చూశారు. కరెంటు తీగ మీద కాకి తప్ప ఏమీ లేదు.

"గార్డయ్యా" అంది హనుమంతమ్మ, "నువ్వు గుడ్డ కట్టుకున్న్యావు సరే, మాకు గూడా కట్టినావా? పొగే లేదు, రింగు యాడిది?"

ఆ తర్వాత లేచిన నవ్వుకు కాకి ఎగిరిపోయింది. దావీదురాజు గంతలు విప్పుకుని, పైపు గిన్నెలోకి చూసుకుని, బూడిదను వేలితో తాకి, బండ మీద కూలబడ్డాడు.

అందరికంటే ఎక్కువ నవ్వింది సమీవుల్లా. కడుపు పట్టుకుని నవ్వి, "నన్నట్ల మోసం చెయ్యలేరు" అని తనే తువ్వాలు కట్టుకున్నాడు. హనుమంతమ్మ ఆయన పైపే, బాగా రాజుకున్నదాన్నే, చేతికిచ్చింది. సమీవుల్లా ఒక దమ్ము లాగి, తెలివిగా తల ఊపాడు.

"నాకు తెలుసు మీ సంగతి. ఇది ఆరిపోయింది!"

"కాలుతాండాది భాయ్" అన్నాడు ఒక డ్రైవరు.

"అదే చెప్తారు మీరు! కావాలంటే సూడండి" అని, రుజువు చూపడానికి చూపుడువేలు గిన్నెలో పెట్టాడు.

ఆ కేక స్టేషన్లో టికెట్ల కిటికీ దాకా వినిపించింది. గంతలతోనే గెంతుతూ, చేతికి తగిలిన మొదటి గ్లాసులో వేలు ముంచాడు. అది అప్పుడే పోసిన టీ.

మర్నాటినుంచి దావీదురాజు అంగడి వైపు వెళ్లలేదు. బజారుకెళితే, "సార్, ఒక రింగు వదలండి సార్" అని కేకలు. కూరగాయల దగ్గర ఒకామె, "రైలు లేకుండానే జెండా ఊపినావంటనే అన్నా" అంది. ఆయన ఇంటికొచ్చి వసారాలో కూర్చుని పైపు ముట్టించాడు. ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికో చూసుకుంటే అది ఆరిపోయి ఉంది. ఎప్పుడు ఆరిందో తెలియదు. మళ్లీ ముట్టించి, ఈసారి కళ్లప్పగించి గమనించాడు. అయినా తెలియలేదు.

జెస్సీ బియ్యం చేట పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"జెస్సీ, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఇది ఎప్పుడన్నా ఆరిపోయింటే నేను తాగుతాండేది నువ్వు సూసినావా?"

"ఎప్పుడన్నానా?" అంది జెస్సీ. "ఎప్పుడూ ఆరిపోయే ఉంటాది."

"మరి చెప్పలేదే!"

"చెప్తే మళ్లా ముట్టిస్తావని చెప్పలే."

దావీదురాజుకు బ్రేకువ్యాన్లో గడిపిన ఆ రాత్రులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వాటిలో ఎన్ని దమ్ములు పొగవో, ఎన్ని ఉత్తగాలివో ఆ దేవుడికే ఎరుక. నిద్ర మాత్రం పట్టలేదు, అది నిజం. ఆ సంగతి ఆలోచిస్తుంటే మెల్లగా నవ్వొచ్చింది. నవ్వితే పైపు ఒళ్లో పడి ప్యాంటంతా బూడిదైంది. జెస్సీ కొంగుతో విసిరి దులిపింది.

అప్పుడే గేటు చప్పుడైంది. సమీవుల్లా వచ్చాడు. చూపుడువేలికి తెల్లటి కట్టు, బ్రెడ్డు ముక్కంత లావున ఉంది. ఎడంచేతిలో ఖాళీ పైపు, చంకలో డబ్బా. ముఖం పస్తున్నవాడిలా వాడిపోయింది.

"గార్డు సార్, వేలు వంగడంల్యా. పొగాకు పెట్టుకునేదానికి రావడంల్యా. అబీదానడిగితే నమిలేదాన్ని తగలబెడితే వేలు కాలకుండా ఉంటాదా, నమలమంటాండాది. అల్లునికి పైపు పట్టుకునేదే తెలీదు. ఇంగ యాడికి పోవాల?"

ఎర్రగుంట్ల మొత్తం మీద పైపు నింపడం తెలిసిన చేతులు ఇంకొక జత మాత్రమే ఉన్నాయి. దావీదురాజు చెయ్యి చాచాడు. డబ్బా మూత తీయగానే ఆ కేకు వాసన గుప్పుమంది. ముఖం పక్కకు తిప్పుకుని, చంటిపిల్లవాడికి ఆముదం పట్టే తల్లిలా ముక్కు ముడిచి, ఆ తియ్యటి పొగాకును చిటికెలు చిటికెలుగా గిన్నెలో నింపి, బొటనవేలితో దట్టించి ఇచ్చాడు. అగ్గిపుల్ల కూడా ఆయనే గీశాడు.

సమీవుల్లా లాగాడు. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు బయటికొచ్చాయి, పొగ మాత్రం రాలేదు.

"ఏంది సార్ ఇది! సిమెంటు మూట తొక్కినట్టు తొక్కినావు, గాలే ఆడ్తల్యా!"

"పాయసానికి గాలి ఎందుకప్పా? గంటెతో తాగు!"

"నీ మిరపకాయలకు అలవాటైన చెయ్యి సార్ అది. మెల్లగా పెట్టల్ల, మెల్లగా!"

"ఎంత మెల్లగా? జోల పాడమంటావా?"

అయినా దావీదురాజు పైపు తిరగేసి, అరుగు మీద తట్టి, పొగాకంతా దులిపి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి సమీవుల్లా పక్కన నిలబడి చెబుతుంటే, గొణుక్కుంటూ, వేలి కొసతో ఆనీ ఆనకుండా నింపాడు. పైపు చక్కగా రాజుకుంది. సమీవుల్లా కళ్లు మూసుకుని పొగ వదిలి, "షుక్రియా సార్" అన్నాడు. జెస్సీ చేట పక్కన పెట్టి, కిటికీ రెక్కలు రెండూ తెరిచి వచ్చింది.

దావీదురాజు తన పైపులో నాటు పొగాకు దట్టించుకుని, గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, పాయసం పొగ తన మీదికి రాకుండా కుర్చీ ఆ పక్కకు జరుపుకున్నాడు.